గోబర్ గ్యాస్ గుంటలోకి దిగమనే ఆ మెసేజ్‌ని ఇంకెవరికీ పంపకండి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. మొదట మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, తర్వాత మా బావగారి నుంచి, ఆ తర్వాత బెజవాడ పటమటలో మేముండే అపార్ట్‌మెంట్ గ్రూపులో. నిన్న సాయంత్రం మా అసోసియేషన్ సెక్రటరీగారు నేరుగా ఇంటికే వచ్చారు. "ఏవండీ, మీరు ఈ ప్లాంట్ల పనిలోనే ఉన్నారుగా. ఆటోనగర్‌లో పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఒకటి బేరమాడి వచ్చాను. ఆదివారం మొదలెడదామా?" అన్నారు. ఇక ఊరుకోకూడదనిపించింది.

మెసేజ్ అందనివాళ్ల కోసం దాని సారం చెబుతాను. గ్యాస్ బండ కొనడం మానేయండి. ఒక డ్రమ్ము, ఒక ట్యూబు ఉంటే చాలు, మీ వంటింటి చెత్తతోనే నెలకో బండ గ్యాస్ తయారవుతుంది. వారంలో మంట వస్తుంది. మిగిలిన గ్యాస్‌ని ఫ్రిజ్ కంప్రెసర్‌తో పాత బండలో నింపుకోవచ్చు. ఇది ప్రకృతి సిద్ధమైన గ్యాస్ కాబట్టి విషం కాదు, పేలదు; ఏడాదికోసారి గుంటలోకి దిగి మడ్డి తీసుకుంటే సరిపోతుంది. దేశవాళీ ఆవు పేడ వేస్తేనే ఫలితం. జర్మనీ మొత్తం దీనిమీదే నడుస్తోంది, మన దగ్గర గ్యాస్ కంపెనీలు తొక్కిపెట్టాయి. గడ్డితో కూడా గ్యాస్ చేయవచ్చు. గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీ, అంటే పలచటి మడ్డి, మంచి ఎరువు. చివర్లో ఒక ఫొటో, "మన గుంటూరులోనే బయోగ్యాస్ అద్భుతం" అని.

ఆ ఫొటో కొండవీడు దగ్గర 2022లో మొదలైన జిందాల్ ప్లాంటుది. అక్కడ చెత్తను కాల్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు. బయోగ్యాస్‌కి కావలసింది గాలి సోకని తొట్టి, అందులో బతికే సూక్ష్మజీవులు. కొలిమికీ కుళ్లబెట్టే తొట్టికీ తేడా తెలియనివాళ్లు రాసిన మెసేజ్ ఇది.

జర్మనీలో 9 వేలకు పైగా బయోగ్యాస్ ప్లాంట్లు ఉన్నమాట నిజం. వాళ్ల కరెంటులో వాటి వాటా నూటికి ఐదారు వంతులు. అదీ ఎక్కువగా పొలాల్లో మొక్కజొన్న పండించి ప్లాంట్లలో వేస్తే వస్తున్నది. తొక్కిపెట్టారన్న మాటకొస్తే, 2018 అక్టోబరులో సతత్ అనే బయోగ్యాస్ పథకం మొదలుపెట్టి 2023 కల్లా 5,000 ప్లాంట్లు కావాలన్నది కేంద్ర ప్రభుత్వమే. ఆ గ్యాస్ కొంటామన్నవి చమురు కంపెనీలే. లక్ష్యానికి దరిదాపులకు కూడా చేరలేదు. దానికి కారణాలు వేరు: ముడిసరుకు ఏడాది పొడవునా అందకపోవడం, ఎరువుకి కొనుగోలుదారు దొరకకపోవడం. కుట్ర అనేస్తే వీటి గురించి ఎవరూ ఆలోచించరు.

దేశవాళీ ఆవు పేడ సంగతి: తెనాలి వైపు నేను బాగుచేసిన ప్లాంట్లలో ముప్పాతిక మువ్వీసం గేదె పేడ మీద నడిచినవే. మంట నీలంగానే వచ్చింది. అక్కడితో ఆ మాట వదిలేద్దాం.

ఇక వంటింటి చెత్త. నలుగురున్న ఇంట్లో తడిచెత్త రోజుకి ఒక కిలో, కొంచెం అటూ ఇటూ. ఇందోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్లాంటు రోజుకి 550 టన్నుల తడిచెత్త తీసుకుని, శుద్ధి చేసిన గ్యాస్‌ని దాదాపు 17 టన్నులు ఇచ్చేలా కట్టారు. అంటే కిలో చెత్తకి 31 గ్రాములు. దేశంలో అందరూ చూసి రావాలనుకునే ప్లాంటు లెక్క ఇది. మీ ఇంటి లెక్క వేసుకోండి: నెలంతా కలిపి కిలో గ్యాస్ కూడా రాదు. బండలో ఉండేది 14.2 కిలోలు. నెలకో బండ కావాలంటే మీ ఒక్క ఇంట్లో రోజుకి పదిహేను కిలోల చెత్త రావాలి. ఏ వంటింట్లో వస్తుంది?

పేడతో అయితే కిలోకి 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. 25 కిలోలకి ఒక ఘనపు మీటరు, అది అరకిలో ఎల్పీజీకి కొంచెం తక్కువ. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. నాలుగైదు పశువులున్న రైతుకి అది హాయిగా సరిపోతుంది. మూడో అంతస్తులో ఉన్నవాళ్లకి ఆ మాట చెప్పడమెందుకు?

వారంలో మంట అన్నది కూడా అబద్ధమే. కొత్త తొట్టిలో ముందు ఊరేది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. అగ్గిపుల్ల పెడితే ఆరిపోతుంది. మంటనిచ్చే వాయువు మీథేన్. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు నిదానంగా పెరుగుతాయి. పేడనీళ్లు తోడు వేసినా రెండు మూడు వారాలు ఆగాలి. మన బెజవాడ ఎండ వాటికి మేలే చేస్తుంది. కానీ మంట రాలేదని కంగారుపడి మిగిలిన అన్నం, బిర్యానీ, నిమ్మ డిప్పలు అన్నీ ఒకేసారి కుమ్మరిస్తారు. తొట్టి పులిసిపోతుంది, సూక్ష్మజీవులు చస్తాయి, వీధంతా కంపు. పక్కింటివాళ్లు మున్సిపాలిటీకి ఫోన్ చేస్తారు, డ్రమ్ము పాతసామాన్ల బండికి పోతుంది. "బయోగ్యాస్ అంతా మోసం" అన్న మాట మాత్రం వీధిలో మిగిలిపోతుంది. నా కోపం అందుకే.

కంప్రెసర్ దగ్గరికి వద్దాం. సెక్రటరీగారూ, ఇది మీకోసం. వంటగ్యాస్ కొద్దిపాటి ఒత్తిడికే ద్రవంగా మారుతుంది కాబట్టి చిన్న బండలో 14 కిలోలు పడుతుంది. మీథేన్ అలా మారదు. సున్నాకి 82 డిగ్రీలు దిగువకి చల్లబరిస్తే తప్ప, ఎంత నొక్కినా అది గాలిలాగే ఉంటుంది. బండ లోపలి చోటు 33 లీటర్లు. మామూలు గాలి ఒత్తిడికి ఎనిమిది రెట్లతో నింపినా 264 లీటర్లు. మామూలు గోబర్ గ్యాస్ పొయ్యి గంటకి 450 లీటర్లు తాగుతుంది. ఇంత శ్రమా పడితే మీకు దక్కేది అరగంట మంట. పప్పు కూడా ఉడకదు. ఆ అరగంట కోసం ఏం చేస్తున్నారో చూడండి: గొట్టంలో ఎక్కడో చిన్న సందు ఉంటే కంప్రెసర్ గ్యాస్‌తోపాటు గాలినీ లాగుతుంది. గాలీ మీథేనూ కలిసిన మిశ్రమాన్ని వేడెక్కే మోటారుతో, ఇనప బండలోకి, సెల్లార్‌లో, స్కూటర్ల పక్కన నొక్కుతున్నారు. పైగా శుద్ధి చేయని గ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువూ తేమా కలిసి బండ గోడనీ వాల్వునీ లోపల్నుంచి తినేస్తాయి. వాహనాల గ్యాస్‌ని 200 రెట్ల ఒత్తిడిలో నింపుతున్నారు కదా అంటారేమో. ఆ సిలిండర్లు వేరు, ఆ గ్యాస్ శుద్ధి వేరు, పరీక్షలు వేరు.

ఇవన్నీ ఒక ఎత్తు. "విషం కాదు, లోపలికి దిగి మడ్డి తీసుకోండి" అన్న మాట ఒక ఎత్తు. మిగిలిన అబద్ధాలతో డబ్బు పోతుంది, నమ్మకం పోతుంది. దీంతో మనుషులు పోతారు.

తెనాలి దగ్గర ఒక ఊళ్లో నేను కళ్లారా చూసినది చెబుతాను, ఊరి పేరు వద్దు. పేడ గుంట మీద ఇనప డ్రమ్ము బోర్లించిన పాతకాలం ప్లాంటు. డ్రమ్ము తుప్పుపట్టి గ్యాస్ కారుతోందని నన్ను పిలిచారు. నేను వెళ్లేలోపే డ్రమ్ముని నిట్రాటలకి కట్టి పైకి ఎత్తేశారు. పొద్దున్నించి తెరిచే ఉంది కాబట్టి గ్యాస్ అంతా పోయిందనుకున్నారు. పాలేరు దిగాడు. మోకాలి లోతు మడ్డిలో రెండడుగులు వేసి కూలబడ్డాడు. కాలు జారిందనుకుని వాడి తమ్ముడు దిగాడు. నేను బండి దిగేసరికి గట్టు చుట్టూ జనం, మూడో మనిషి నిచ్చెన మీద కాలు పెడుతున్నాడు. వాడి చొక్కా పట్టుకుని లాగాను. అందరూ నన్ను తిట్టారు. తాడు గట్టు మీదే ఉంది, చుట్ట చుట్టినట్టే ఉంది. కొక్కేలూ తాళ్లూ వేసి పైనుంచి లాగేసరికి అన్న పోయాడు. తమ్ముడు పదిరోజులు గుంటూరు ఆసుపత్రిలో ఉండి బతికాడు. తర్వాత చూడబోతే నాతో ఒకటే అన్నాడు: "కుళ్లుగుడ్ల వాసన ముందు వచ్చిందండీ. దిగుతుంటే పోయింది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందనుకున్నా."

ఆ వాసన పోలేదు. అతని ముక్కు మొద్దుబారిపోయింది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉన్నప్పుడే కుళ్లుగుడ్ల వాసన తెలుస్తుంది. గాలిలో పదివేల వంతుల్లో ఒక వంతుకి చేరితే ముక్కుకి ఇక పసిగట్టే శక్తి ఉండదు. ఇంకా పెరిగితే రెండు మూడు ఊపిరులకే మనిషి పడిపోతాడు. మీథేన్ తేలిక, మూత తీస్తే పైకి పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు, గుంట అడుగునే కూర్చుంటాయి. పైగా మడ్డిలో ఇరుక్కున్న గ్యాస్ మనం కాలుతో కెలికినప్పుడే బుడగలుగా బయటికి వస్తుంది. పొద్దున్నించి తెరిచి ఉంచినా అందుకే లాభం లేకపోయింది.

మనవైపు పాతబావిలోకి దిగేముందు లాంతరు దించి చూసే అలవాటుంది. బావికి అది మంచి జాగ్రత్తే. గ్యాస్ గుంట దగ్గర మాత్రం ఆ లాంతరే నిప్పు అవుతుంది. పోనీ అంటుకోకుండా వెలుగుతూ ఉన్నా, ప్రాణవాయువు ఉందనే తెలుస్తుంది. విషం ఉందో లేదో లాంతరు చెప్పదు.

సరిగ్గా కట్టిన ప్లాంటులో ఏటేటా దిగాల్సిన పనే ఉండదు. పేడలో గడ్డీ ఇసకా ఏరి, నీళ్లు సమంగా కలిపి పోస్తే మడ్డి దానంతటదే రెండో వైపు నుంచి వెళ్లిపోతుంది. ఏళ్ల తర్వాత పేరుకుంటే పైనుంచి మడ్డి పంపు పెట్టి తోడిస్తారు. తప్పనిసరిగా మనిషి దిగాల్సి వస్తే ఊపిరికి వేరే గాలి అందించే పరికరం, నడుముకి తాడు, గ్యాస్ కొలిచే మీటరు, పైన ఇద్దరు ఉండాలి. ఇవేమీ లేనప్పుడు ఎవరైనా లోపల పడిపోతే, కన్నబిడ్డయినా సరే, దిగకండి. అగ్నిమాపక దళానికి, 101కి, ఫోన్ చేయండి. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది. నిచ్చెన మీదనుంచి లాగిన ఆ మూడో మనిషి వాళ్ల నాన్న.

ఇప్పుడు ఆ మెసేజ్ పంపినవాళ్లని అడుగుతున్నాను. "విషం కాదు" అని మీరెలా పంపారు? ఎవరి నోటి నుంచి విన్నారు? పంపేముందు ఒక్క ప్లాంటు దగ్గరికైనా వెళ్లి నిలబడ్డారా?

మెసేజ్‌లో నిజాలు కూడా ఉన్నాయి. గడ్డితో గ్యాస్ అన్నదాన్ని చాలాకాలం నేనే కొట్టిపారేశాను. గడ్డి తొట్టిలో తేలి తెట్టు కడుతుంది, పనికిరాదు అనేవాణ్ణి. ఇంటి ప్లాంటుకి ఇప్పటికీ అదే మాట. కానీ పంజాబ్‌లోని లెహ్రాగాగాలో 2022 అక్టోబరు నుంచి వరిగడ్డి మీదే పెద్ద ప్లాంటు నడుస్తోంది. గడ్డిని ముందు చితక్కొట్టి, నానబెట్టి, తర్వాత వేస్తారు. కృష్ణా డెల్టాలో మిషను కోతల తర్వాత పొలంలోనే తగలబెడుతున్న గడ్డి చూసినప్పుడల్లా నా మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. తీసుకుంటున్నాను. పత్తికట్టె మాత్రం వేరు. అది చెక్క, సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకోలేవు.

మన రాష్ట్రంలో రిలయన్స్ వాళ్లు 500 ప్లాంట్లు, 65 వేల కోట్లు అన్నారు. 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి వైపు దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తామన్నది వాళ్ల మాట. మన వంటింట్లోకి ఉచితంగా రావడానికి కాదు అది. వాహనాలకీ గొట్టాల్లోకీ వెళ్లే గ్యాస్ అది. నీళ్లు ఎక్కడివి, రైతుకి కౌలు ఎంత అని అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

స్లర్రీ మంచి ఎరువన్నదీ నిజమే. పేడలో ఉన్న నత్రజని గ్యాస్‌లోకి పోదు, ఎరువులోనే ఉంటుంది. నిజానికి చాలామంది రైతులకి గ్యాస్ కంటే అదే ముఖ్యం.

సెక్రటరీగారికి నిన్న రాత్రి ఫోన్ చేశాను. కంప్రెసర్ వద్దన్నాను. "అయితే ఏమీ చేయలేమంటారా?" అని నొచ్చుకున్నారు. చేయొచ్చు. మనవి నలభై ఫ్లాట్లు. తడిచెత్త రోజుకి 40 కిలోలు. ఇందోర్ లెక్కన 1,200 గ్రాముల గ్యాస్. చిన్న ప్లాంటు అంత బాగా నడవదు, సగమే వచ్చినా 600 గ్రాములు. వాచ్‌మన్ వాళ్ల ఇంట్లో రోజువారీ వంటకి అది సరిపోతుంది. సెల్లార్‌లో కాదు, వెనక జామచెట్టు పక్కన ఎండ తగిలే చోట పెడదాం. బండలో నింపేది లేదు, గొట్టం నేరుగా వాళ్ల పొయ్యికే. నలభై ఇళ్లవాళ్లూ ప్లాస్టిక్ కవరు లేకుండా తడిచెత్త వేరుగా ఇస్తేనే. ఒక నెల అది చేసి చూపిస్తే, ఇటుకలూ సిమెంటూ నేనే తెప్పిస్తానన్నాను. రేపు పొద్దున ఆరింటికి మూడు ఫ్లోర్ల బుట్టలూ కిందికి దింపి, కాటా పెట్టి తూచడానికి ఒప్పుకున్నారు.