గురువు గారూ, స్క్రీన్‌షాట్ వద్దు, రిటర్ను చూపించండి

కావలిలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కనబడి, ఇందుకూరుపేట రొయ్యల రైతుల దాకా పాకిన ఫార్వర్డ్ ఒకటి ఈ నెలలో నాకు నలుగురు పంపించారు. అందులో ఉన్నదిది: షేర్ మార్కెట్ ట్రేడింగులో లక్ష పెట్టండి, రోజుకు 2 శాతం చాలు, ఏడాదికి కోటీ నలభై లక్షలు. మా గురువు గారి కాల్స్ (ఏది కొనాలో, ఎప్పుడు అమ్మాలో చెప్పే టిప్పులు) పదికి తొమ్మిది తగులుతాయి. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, మార్కెట్ పతనం ఆయన ముందే చెప్పారు. కావాలంటే స్క్రీన్‌షాట్లు చూసుకోండి.

నేను నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసుకునే మనిషిని. ఈ కథల రెండో పేజీ నా టేబుల్ మీదకే వస్తుంది.

ముందు ఆ 2 శాతం. లెక్క తప్పు కాదు, తమాషా అంతా అక్కడే ఉంది. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులనుకుని చక్రవడ్డీ వేస్తే లక్ష నిజంగానే కోటీ 41 లక్షలవుతుంది. కాలిక్యులేటర్ అక్కడే ఆపేశారు. రెండో ఏడాది చివరికి దాదాపు 200 కోట్లు, మూడో ఏడాదికి 28 వేల కోట్లు, నాలుగో ఏడాదికి 39 లక్షల కోట్ల పైమాటే. మన రాష్ట్రం 2025-26 బడ్జెట్టే 3.22 లక్షల కోట్లు. అంత చేతనైన మహానుభావుడికి 4,999 రూపాయల కోర్సు అమ్ముకునే ఖర్మేంది?

పదికి తొమ్మిది ఎట్టా తగులుతాయో చెప్తా. ఆప్షన్ అంటే ఒక షేరునో సూచీనో ముందే అనుకున్న రేటుకు కొనే లేదా అమ్మే హక్కు, ఆ హక్కు ధరే ప్రీమియం. దాని మీద గ్రూపులో ఇట్టా మెసేజ్ వస్తుంది: "220 పైన కొనండి, టార్గెట్లు 225, 240, 300, స్టాప్‌లాస్ 190." స్టాప్‌లాస్ అంటే అంతకు పడితే అమ్మేసి బయటపడమని. ప్రీమియం 226 తాకి వెనక్కొచ్చినా గ్రూపులో "టార్గెట్ 1 డన్" అని బాణసంచా కాలుస్తారు. ఒక లాటు, అంటే విడదీయకుండా కొనాల్సిన కట్ట, 75 అనుకుంటే ఆ ఐదు రూపాయలంటే 375. అదే 190కి జారితే 2,250 పోయినట్టే. ఒక్క దెబ్బకు ఆరు గెలుపులు హరీ. కొన్నప్పుడు ఇరవై, అమ్మినప్పుడు ఇరవై బ్రోకరేజీ, ఆపైన ఎస్టీటీ అనే లావాదేవీ పన్ను, జీఎస్టీ వేరే.

జూలైలో ఒక కుర్రాడొచ్చాడు, వాళ్ల నాయనకు రొయ్యల చెరువులున్నాయి. బ్రోకరు యాప్‌లోంచి తీసిన పీ అండ్ ఎల్, అంటే లాభనష్టాల కాగితం ఇచ్చాడు. నష్టం లక్షా 38 వేలు. కింద ఛార్జీలని ఇంకో వరస, 61 వేలు. ఆ వరస అతను అప్పటిదాకా చూళ్లేదు. కాసేపు కాగితం తిరగేసి, "గురువు గారు కరెక్టుగానే చెప్పాడన్నా, నేనే లేటుగా దూరినా" అన్నాడు. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. పొద్దున ఫోన్లో వంద కౌంటుకు (కిలోకు వంద తూగే రొయ్యకు) ఒక రేటు చెప్పి, తీరా వల లాగాక పది రూపాయలు కోసిన దళారిని ఇదే కుర్రాడు గట్టు మీదే నిలదీస్తాడు. గురువును మాత్రం అడగడు.

జూన్ 4 సంగతి. 3న మార్కెట్ సూచీ నిఫ్టీ 3 శాతం పైగా పెరిగింది, 4న దాదాపు 6 శాతం పడింది. పెరుగుద్దని ఒక పోస్టు, పడుద్దని ఒక పోస్టు పెట్టి, తప్పినదాన్ని డిలీట్ చేస్తే టెలిగ్రామ్ చానల్లో గుర్తు కూడా మిగలదు. ఎవరైనా చెప్పొచ్చు అట్టాంటి జోస్యం.

స్క్రీన్‌షాట్ల గురించి ఎక్కువ రాయను. వెబ్‌పేజీలో అంకెలు మార్చడానికి మామూలు బ్రౌజరు చాలు. 2023 అక్టోబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ "బాప్ ఆఫ్ చార్ట్" పేరుతో అమ్మిన ట్రేడింగ్ కోర్సుల మీద ఇచ్చిన ఉత్తర్వు చూడండి: జనం దగ్గర వసూలైన 17.2 కోట్లు జమ చేయమంది. ఆ కోర్సులు నడిపిన మనిషి సొంత ట్రేడింగులో 2021 జనవరి నుంచి 2023 జూలై దాకా పోగొట్టుకున్నది 2.89 కోట్లు.

"అందరూ పోగొట్టుకోరు కదా" అని ఆ ఫార్వర్డ్ కింద ఒకాయన రాశాడు. నిజమే, అందరూ కాదు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో లెక్క చెప్పింది. ఖర్చులు పోను లక్షకు పైగా మిగుల్చుకున్నది ఒక్క శాతం.

ఇక "సెబీ రిజిస్టర్డ్" అన్న ముద్ర. రీసెర్చ్ అనలిస్టు, అంటే సెబీ దగ్గర నమోదై షేర్ల మీద సలహాలిచ్చేవాడి నంబరు ఐఎన్‌హెచ్‌తో మొదలవుద్ది. సెబీ సైట్లో ఆ నంబరు కొట్టి, పేరు కలుస్తుందో లేదో చూసుకోండి. కలిసినా సరే, ఇంత లాభం ఖాయమని హామీ ఇచ్చే హక్కు వాళ్లకు కూడా లేదు.

ఆ కుర్రాడికి ఐటీఆర్-3, అంటే వ్యాపార ఆదాయం చూపించే రిటర్ను వేశాను. గడువులోపు వేస్తే ఈ నష్టాన్ని 8 ఏళ్ల దాకా తర్వాతి వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. మీ ఇంట్లోనూ ఇట్టాంటి కాగితం ఉంటే దాచిపెట్టకుండా పట్టుకురండి.