లోబడటానికీ హద్దు ఉంది

అధికారులకు లోబడటం గురించిన ఒక వ్యాసం చదివాను. పై అధికారులకు లోబడాలని చెప్పే రోమా పత్రిక (బైబిల్లో రోమాలోని విశ్వాసులకు పౌలు రాసిన లేఖ) 13వ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, క్రైస్తవుడు అధికారుల ఆజ్ఞను ఏ పరిస్థితిలోనూ కాదనరాదని దాని వ్యాసకర్త తేల్చారు. ఆ పత్రిక రాసిన పౌలే పలుమార్లు చెరసాల పాలయ్యాడన్న సంగతిని మాత్రం ఆయన ప్రస్తావించలేదు. యేసు నామమున బోధించవద్దని యెరూషలేములోని యూదుల న్యాయసభ అయిన మహాసభ ఆజ్ఞాపించినప్పుడు, పేతురు, తక్కిన అపొస్తలులు (యేసు ముఖ్య శిష్యులు) తాము మనుష్యులకు కాక దేవునికే లోబడతామని చెప్పి (అపొ. కార్యములు 5:29) దెబ్బలు తిన్నారే తప్ప తిరుగుబాటు లేవదీయలేదు.

మన దేశంలోనూ ఇటువంటి సందర్భం ఉంది. జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడినా, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడనందుకు, 1985లో కేరళలో యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపివేయగా, 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. తీర్పు వెలువరించిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అంతకుముందు మన హైదరాబాద్‌లోని హైకోర్టులో న్యాయమూర్తి. ఆ పిల్లల విశ్వాసంతో నాకు ఏకీభావం లేదు (సికింద్రాబాద్‌లోని మా క్రైస్తవ సంఘంలో జాతీయగీతం నిండు గొంతుతో పాడతాం). అయినా ఆ తీర్పు న్యాయమైనదనే నా అభిప్రాయం.

వ్యాసం పూర్తిగా విడిచిపెట్టిన మరో విషయం, మనుషుల అధికారం అంటే ప్రభుత్వం ఒక్కటే కాదు. సంఘపు లెక్కలు చూపమని అడిగిన విశ్వాసికి అభిషిక్తుని (దేవుడు ఏర్పరచుకున్నవానిని) ముట్టరాదన్న బైబిల్ వాక్యం వినిపించి నోరు మూయించే బోధకులు మన నగరంలోనూ ఉన్నారు. వారికి లోబడకపోవడం అవిశ్వాసమవుతుందా అన్నది వ్యాసకర్త చెప్పవలసి ఉంది.