మామ్మ తనే నొక్కుకున్న ఫొటో
పెళ్లిలో సెల్ఫీ ఫొటో బూత్, అంటే ఎవరికి వారే తెర మీద నొక్కి ఫొటో తీసుకునే యంత్రం, పెడితే మండపం దగ్గర జనమే ఉండరని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మొన్న మాఘమాసంలో చీపురుపల్లిలో మా మేనకోడలి పెళ్లికి పెట్టించాం. జీలకర్ర బెల్లం వేళకి ఆపించేశాం, అందరూ మండపం దగ్గరే ఉన్నారు. తర్వాత మా మామ్మ వెళ్లి నిలబడింది. ఆధార్ కార్డుకి తప్ప ఒక్కర్తీ ఎప్పుడూ ఫొటో తీయించుకోని మనిషి. తెరలో తనని తాను చూసుకుని కొంగు సర్దుకుంది, ముక్కుపుడక తిన్నగా పెట్టుకుంది, తనే వేలితో నొక్కింది. మూడు, రెండు, ఒకటి అని అంకెలు పడుతుంటే నవ్వు ఆపుకోలేకపోయింది. 1925లో న్యూయార్క్‌లో అనతోల్ జోసెఫో అనే ఆవిష్కర్త పెట్టిన ఫొటో బూత్‌లో ఎనిమిది ఫొటోలు రావడానికి కొన్ని నిమిషాలు పట్టేది; ఇక్కడ నిమిషంలోపే కాగితం చేతికొచ్చింది. ఫొటోగ్రాఫర్ ముందు బిగుసుకుపోయేవాళ్లకి ఎదురుగా మనిషి లేకపోవడమే ధైర్యం. నా బాధల్లా ఒకటే, చాలాచోట్ల కాగితం ఇవ్వకుండా, ఫోన్‌లో దించుకోమని క్యూఆర్ కోడ్ చూపించి సరిపెట్టేస్తున్నారు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకి ఆ ఫొటో ఎలా అందుతుంది? ప్రింటర్ తప్పకుండా అడగండి, తెర కూడా కుర్చీలో కూర్చున్నవాళ్లకి అందే ఎత్తులో పెట్టమనండి. మామ్మ ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాచుకుంది.