మహారాజశ్రీ ‘మీకు తెలుసా?’ గారికి

మహారాజశ్రీ ‘మీకు తెలుసా?’ గారి దివ్యసముఖమునకు, కావలి నుండి తమ చిరకాల పాఠకుడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. దినపత్రిక మూలన, క్యాలెండరు కాగితం వెనుక, తెల్లవారకముందే మా పిన్నమ్మ ఫోనులో పంపే గులాబీపువ్వు కింద తమరు నిత్యం దర్శనమిస్తూనే ఉన్నారు కనుక తమ క్షేమసమాచారం ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు.

మొన్న ఆదివారం నెల్లూరులో జరిగిన బడిపిల్లల క్విజ్ పోటీలో తమరు మా మేనకోడలికి చేసిన ఉపకారాన్ని నలుగురికీ చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. చివరి విడతకు రెండు జట్లూ సమానంగా వచ్చాయి. చంద్రుడి మీద నుంచి కంటికి కనిపించే ఏకైక మానవ నిర్మాణం ఏది అని ప్రశ్న. ‘అట్లాంటిది ఏదీ లేదండీ’ అన్నది మా అమ్మాయి. తప్పన్నారు. పక్క జట్టు పిల్లవాడు చైనా గోడ అనగానే హాలంతా చప్పట్లు. నేను వేదిక దగ్గరకు వెళ్ళి ఇదేమిటని అడిగితే, ప్రశ్నలు చదివిన పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను తీసి, బొటనవేలితో పైకీ కిందికీ జరిపి జరిపి, పసుపుపచ్చ పెట్టెలో ఎర్రటి అక్షరాలతో వెలిగిపోతున్న తమ ముఖారవిందాన్ని నా కళ్ళముందు పెట్టి, ‘ఇదిగో సార్, మేమేమన్నా సొంతంగా కల్పించామా?’ అన్నారు. పెట్టె అడుగున ‘పదిమందికి పంపండి’ అని కూడా ఉన్నది. ఆ పదిమందిలో ఆయన ఒకరన్న మాట. మా అమ్మాయికి ప్రోత్సాహక బహుమతి కింద ఒక ప్లాస్టిక్ పెన్నుల డబ్బా ఇచ్చి పంపారు.

అయ్యా, తమరికి తెలియనిది లేదు కనుక ఈ గోడ వంశచరిత్ర కూడా తెలిసే ఉంటుంది. 1754లో స్టూక్‌లీ అనే ఇంగ్లీషు పండితుడు ఒక ఉత్తరంలో, చైనా గోడ బహుశా చంద్రుడి మీద నుంచి కూడా ఆనవచ్చునని ఊహించి రాశాడు. ఆయన చైనా వెళ్ళలేదు, చంద్రుడి మీదికి అంతకంటే వెళ్ళలేదు. 1932లో రిప్లీ అనే అమెరికా చిత్రకారుడు వింతలూ విశేషాలూ బొమ్మలు గీసి పత్రికల్లో వేసేవాడు, తమకు వరుసకు తాతగారవుతాడు; ఆయన అదే మాటను ఊహగా గాక నిజంగా అచ్చువేశాడు. భూమి నుంచి మొదటి కృత్రిమ ఉపగ్రహం పైకి వెళ్ళింది 1957లో. అంటే పైకి వెళ్ళి చూసివచ్చినవాడు ఒక్కడైనా లేనినాడే తమరు సాక్ష్యం సిద్ధం చేసి పెట్టుకున్నారు. కోర్టుపక్షులు కూడా ఇంత ముందుచూపుతో పని చేయరు.

లెక్క కట్టడం తమ సంప్రదాయం కాదు కనుక నేనే కడతాను. గోడ పొడవు వేల కిలోమీటర్లే గాని, కంటికి ఆనాలంటే చూడవలసింది వెడల్పు. అది చాలాచోట్ల ఐదారు మీటర్లు మించదు. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఈ రెంటికీ ఉన్న నిష్పత్తి ప్రకారం, అక్కడి నుంచి ఆ గోడను చూడడమంటే నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉన్న ఒక తలవెంట్రుకను కంటితో చూడడం. పైగా ఆ గోడను చాలా భాగం అక్కడి మట్టితో, అక్కడి రాయితోనే కట్టారు కనుక రంగు కూడా చుట్టూ ఉన్న నేలలో కలిసిపోతుంది. చంద్రుడి మీద నడిచివచ్చినవాళ్ళలో ఒకడైన ఆలన్ బీన్, అక్కడి నుంచి కనిపించేది తెల్లని మేఘాలు, నీలి సముద్రాలు, ఎడారుల పసుపుపచ్చన, అక్కడక్కడ కాస్త ఆకుపచ్చన మాత్రమేనని చెప్పాడు. అంతదూరం ఎందుకు, 2003 అక్టోబరులో చైనా తన మొట్టమొదటి వ్యోమగామి యాంగ్ లివేని మూడు వందల నలభై కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. ఆయన దిగివచ్చి, మన గోడ నాకు కనిపించలేదని తన దేశప్రజల ముఖానే చెప్పాడు. సొంత గోడ గురించి చైనావాళ్ళు నోరు మూసుకొని ఒప్పుకున్నారు. నెల్లూరులో మాత్రం ఒప్పుకోరు, ఎందుకంటే ఇక్కడ తమరున్నారు.

నెల్లూరులో, అనే మాటను కొంచెం నొక్కి చెప్పనివ్వండి. జిల్లాల గీతలు మార్చకముందు శ్రీహరికోట మా జిల్లాలోదే. 2023 జులై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచింది అక్కడి నుంచే. రాకెట్టు ఉన్నదంటే చాలు, మిద్దెలెక్కి దక్షిణం వైపు తలెత్తి నిలబడే జనం మేము. చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపిన నేల మీద, చంద్రుడి గురించి సరైన జవాబు చెప్పిన పిల్లను ఓడించారంటే, ‘మీకు తెలుసా?’ గారూ, నీకసలు సిగ్గనేది ఉన్నదా?

మర్యాద తప్పింది. తప్పనీ. ఇంతవచ్చాక ‘తమరు’ నా నోట పలకదు.

మనిషి మెదడులో పదిశాతమే వాడతాడని ఎన్నేళ్ళుగా చెబుతున్నావు? ఒంటి బరువులో రెండు శాతం మాత్రమే ఉన్న మెదడు, ఒంటికందే శక్తిలో ఇరవై శాతం దాకా తానే తినేస్తుంది. తొంభై శాతం పనిచేయని అవయవాన్ని అంత ఖర్చుపెట్టి ఏ శరీరమూ మేపదు. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందన్నావు. నీలిరక్తం ఆక్టోపస్‌కు ఉన్నది, మనకు లేదు. నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనుక చేదు అని బొమ్మ గీసి మరీ నేర్పావు. మా చేపల పులుసు ఒక్క ముద్ద పెట్టుకున్నవాడికెవడికైనా పులుపు నాలుకంతా తెలుస్తుందని తెలుసు, చివరకు ఆ మాటే శాస్త్రజ్ఞులూ చెప్పారు. చచ్చినవాడికి గోళ్ళు పెరుగుతాయన్నావు, చర్మం ఎండి వెనక్కి జరగడాన్ని చూసి. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమమని ప్రకటించిందన్నావు; ఆ సంస్థ మేమట్లా అనలేదని చెప్పినా వినిపించుకోలేదు. 2016లో రెండువేల నోటులో చిప్పు పెట్టావు. ఆ నోటే పోయింది, నువ్వు పోలేదు.

నిజం చెప్పడం నీకు చేతకాదని కాదు, అదే నా కడుపుమంట. వేరుశనగకాయల పొట్లం విప్పి, నూనె మరక మీద చదువుకున్న రోజుల్లో నువ్వు వేరు. ఆక్టోపస్‌కు మూడు గుండెలన్నది, పసిబిడ్డకు మూడువందల దాకా ఉన్న ఎముకలు పెద్దయ్యేసరికి కలిసిపోయి 206 అవుతాయన్నది నీ దగ్గర నేర్చుకున్నవే. బుగ్గన కాయ పెట్టుకొని నమలడం మరిచిపోయేవాణ్ణి. ఇప్పటికీ పత్రిక చేతికొస్తే ముందు నీ మూలకే కన్ను పోతుంది, ఏంచేస్తాం.

వింతలే కావాలంటే ఊరిమీద పడి వెతకరాదా? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు మా ఎగువన గుంటూరుకు వచ్చాడు. ఆ గ్రహణంనాడు సూర్యుడి వెలుగులో కనిపించిన ఒక పసుపుపచ్చ గీత, భూమి మీద అప్పటికెవరికీ తెలియని మూలకానిదని తరువాత తేలింది. అదే హీలియం. భూమి మీద దాన్ని పట్టుకోవడానికి 1895 దాకా పట్టింది. ఇక బ్రెజిల్ దేశంలో మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మా ఒంగోలు జాతి సంతతే. అక్కడ వాటిని నెలోర్ అంటారు, ఆ పేరు పడిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక. ఒంగోలు పక్కన కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆంబోతు 1960లలో ఓడెక్కి అక్కడికి పోయి, ఆ దేశపు మందలకు మూలపురుషుడై కూర్చున్నది. ఆ హాలులో ఉన్న పిల్లల్లో ఈ రెండింటిలో ఒకటైనా విన్నవాళ్ళు కనబడలేదు. చైనా గోడ మాత్రం అందరికీ కనబడింది.

నా కోరిక చిన్నది. రేపటి పెట్టెలో కరవది ఎద్దును వేయి. కింద సంవత్సరం వేయి, ఎవరు చెప్పారో వేయి, పదిమందికి పంపమన్న ఆ చివరి ముక్క తీసివేయి. చేతకాదంటావా, ఆ చోటు ఖాళీచేసి రాహుకాలానికి ఇచ్చెయ్. అది వేసేవాడు కనీసం మొదలూ చివరా గంటా నిమిషంతో సహా రాస్తాడు.

ఇట్లు,
పెన్నుల డబ్బా పుచ్చుకున్న పిల్లకు మేనమామ,
కావలి.