తప్తపాణి పాచి మురికి కాదు

ఒడిశాలోని బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు కొండదారిలో వెళితే తప్తపాణి వస్తుంది. కంధుని దేవి గుడి, పక్కనే గంధకం వాసన గుప్పుమనే వేడినీటి గుండం. గంజాం తెలుగువాళ్లకీ, ఇటు ఇచ్ఛాపురం వాళ్లకీ అదొక పిక్నిక్ చోటు. అక్కడ తరచుగా వినపడే మాటలు రెండు. ఈ నీళ్లకు చర్మరోగాలు పోతాయట, ఇంత వేడిలో క్రిములు బతకవట. మొదటిది డాక్టర్లకు వదిలేద్దాం. రెండోది మాత్రం శుద్ధ తప్పు.

ఒడిశాలోని తప్తపాణి, అత్రి, దేవులఝరి, తారాబాలో వేడినీటి బుగ్గల మీద 2015లో ఒక అధ్యయనం వెలువడింది. నీటి వేడి 40 నుంచి 58 డిగ్రీలు, పులుపు-క్షారాల కొలత అయిన పీహెచ్ 7.2–7.4. అందులో బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంది. క్లోరోఫ్లెక్సై, ప్రోటియోబ్యాక్టీరియా వర్గాలది పైచేయి. ఏ బుగ్గలో ఏ జాతులుండాలో తేల్చేది వేడి ఒక్కటే కాదు, నీటిలో కరిగిన సోడియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బనేట్ కూడా. తమాషా ఏమిటంటే, జాతులు మారినా అవి చేసే పనులు పెద్దగా మారలేదు. ఊరు మారితే కమ్మరి మారతాడు గానీ కొలిమి పని మారదు కదా, అలాగన్నమాట.

ఇక్కడ అగ్నిపర్వతాలేమీ లేవు. వాననీరు రాతి పగుళ్లలోకి లోతుగా దిగి, భూమి లోపలి వేడికి కాగి, మరో పగులు దారిన పైకి తన్నుకొస్తుంది. వస్తూ వస్తూ రాతిలోని లవణాలను కరిగించుకుంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మనం ముక్కు మూసుకునే ఆ వాయువే కొన్ని బ్యాక్టీరియాకు తిండి. గంధక సమ్మేళనాలను ఆక్సీకరించి శక్తి పొందే థయోమోనాస్ భువనేశ్వరెన్సిస్ అనే కొత్త జాతిని 2009లో ప్రపంచానికి పరిచయం చేసింది అత్రి బుగ్గ అడుగు మట్టే.

ఈ నీళ్లను తీర్థంలా తాగడం మాత్రం నాకు భయం. గ్రానైట్ లాంటి రాళ్లలో కాగిన నీటిలో సోడియం పెరిగి కాల్షియం తగ్గుతుంది. ఫ్లోరైడ్‌ను పట్టి కిందకి దించేది కాల్షియమే కాబట్టి, అది తగ్గితే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్గొండను చూసిన తెలుగువాళ్లకు ఇంతకంటే చెప్పాలా? ఇక మెదడు తినే అమీబాగా పేరుపడ్డ నెగ్లేరియా ఫౌలరీకి 45 డిగ్రీల దాకా వెచ్చని మంచినీరు ఇష్టం. అది తప్తపాణిలో ఉందనడం లేదు. తల ముంచకండి, ముక్కులోకి నీళ్లు పోనివ్వకండి అని ఒక బోర్డు పెట్టడానికి ఖర్చెంత?

ఇక పాచి సంగతి. గట్టున జిగురుగా పట్టిన పొరను చూడగానే గీకేసి, బ్లీచింగ్ చల్లి, చుట్టూ టైల్స్ వేద్దామనే ఆలోచన మనకు చటుక్కున వస్తుంది. కానీ ఆ పొర మురికి కాదు, సూక్ష్మజీవుల కాపురం. అలాంటి జీవుల విలువ ఎంతో ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు బుగ్గల్లో దొరికిన థెర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియాను 1969లో థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ వర్ణించారు. వేడికి చెడని దాని ఎంజైమ్‌తోనే, జన్యుపదార్థానికి లక్షల నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి ప్రపంచమంతా పాకింది, కరోనాకు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష దాకా. 1991లో పీసీఆర్ పేటెంట్లు 30 కోట్ల డాలర్లకు చేతులు మారితే, ఆ పార్కుకు అందులో పైసా ముట్టలేదు.

మన 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను కూడా జీవ వనరులుగానే లెక్కిస్తుంది. ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. అందులో చెట్లు, పశువులు, విత్తనాల గురించి రాయడం సులువు, కంటికి కనిపిస్తాయి కాబట్టి. గుండం అడుగు బురదకూ ఒక పేజీ కేటాయించాలి. స్నానాలు, సబ్బులు ఊటకు దూరంగా పైపుతో నీళ్లు పారే తొట్లకు మార్చాలి. గుండం పక్కనున్న పాంథనివాస్ అనే టూరిస్టు బసలో గదుల తొట్లకు ఆ వేడినీరు పైపులోనే వెళుతోంది, కాబట్టి ఇదేమీ కుదరని పని కాదు.