చుక్క కనిపిస్తోంది, కారు రావట్లేదు

కారుకు దొంగతనాన్ని అడ్డుకునే పరికరం పెట్టించుకుంటే బీమా ప్రీమియంలో ఎంత తగ్గుతుందో చాలామందికి తెలియదు. మోటారు టారిఫ్ ప్రకారం సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, రెండున్నర శాతం, అదీ 500 రూపాయలకు మించకుండా. ఆ పరికరానికి వాహనాలను పరీక్షించే పుణెలోని ఏఆర్ఏఐ సంస్థ ఆమోదం కూడా ఉండాలి. వేలు పోసి ట్రాకర్ కొని, ఏటా సిమ్‌కూ యాప్‌కూ చందా కడుతున్న యజమానికి ఈ రాయితీ చూస్తే ఒళ్లు మండుతుంది. అయితే నష్టాన్ని లెక్కగట్టడమే వ్యాపారంగా ఉన్నవాళ్లు కట్టిన విలువ అది. 'ఇక మీ కారు ఎక్కడికీ పోదు' అని ప్రకటనలు ఇచ్చేవాళ్ల మాట కంటే ఈ లెక్కే నిజానికి దగ్గరగా ఉంది.

ట్రాకర్ వల్ల దొరికిన బళ్లు బోలెడు ఉన్నాయి, వాటిని కాదనలేం. కానీ కారు ఎక్కడుందో చెప్పడంతోనే దాని పని అయిపోతుంది. అక్కడి నుంచి కారును తేవాల్సింది పోలీసులు. ఈ రెండు పనుల మధ్య మన దగ్గర ఎంత దూరం ఉందో కారు పోయిన రాత్రి స్టేషన్ మెట్లెక్కినవాళ్లకు తెలుసు. చేతిలో ఫోన్, ఫోన్‌లో మ్యాప్, మ్యాప్‌లో కదులుతున్న చుక్క. ఎదురుగా 'రేపు పొద్దున రండి' అనే రైటర్.

ముందు పరికరం సంగతి చూద్దాం. చాలామంది అనుకున్నట్టు ఉపగ్రహం మన కారును కనిపెట్టి చూడదు. దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సంకేతాలు వదులుతుంటాయి. వాటిని పట్టుకుని తానెక్కడున్నదీ లెక్కగట్టుకునేది కారులోని డబ్బా. ఆ లెక్కను మన ఫోన్‌కు చేర్చేది అందులోని సిమ్. పైనుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగితే అందదు, ఇనుప కంటైనర్లో పెట్టి తలుపేస్తే అసలే అందదు. అరచేతిలో పట్టే జామర్ కూడా దాన్ని నొక్కేయగలదు. ప్రైవేటు వ్యక్తులు జామర్లు వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జులైలో మరోసారి గుర్తుచేసింది. కారు ఎత్తుకెళ్లడానికి వచ్చినవాడు ఆ ప్రకటన చదివి జామర్ ఇంట్లో వదిలి వస్తాడని ఎవరూ అనుకోరు కదా!

సంకేతం దొరికినా దాన్ని పంపడానికి సెల్ టవర్ ఉండాలి. శ్రీశైలం దారిలో నల్లమల ఎక్కాక ఫోన్ మూగబోవడం అందరికీ అనుభవమే. మన ఫోన్‌కు అందని సిగ్నల్ ట్రాకర్‌కు మాత్రం ఎలా అందుతుంది? ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే డబ్బాల్లో 2జీ మీద మాత్రమే నడిచేవి చాలా ఉన్నాయి. అసలు 2జీయే లేని జియో సిమ్ అందులో వేస్తే అది పుట్టు మూగది. ఇక స్టీరింగ్ కింద, మెకానిక్ కారు లోపాలు చూసుకునే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే రకం ఉంది. బిగించడానికి మనకెంత సులువో పీకెయ్యడానికి దొంగకూ అంతే సులువు. వైరింగ్‌లో లోపల దాచినదైనా, బ్యాటరీ వైరు తెంచాక సొంత బ్యాటరీ మీద కొన్ని గంటలే బతుకుతుంది.

ఇవన్నీ దొంగ తెలివితేటలు. మన నిర్లక్ష్యం వేరే ఉంది, మా దృష్టిలో అదే పెద్దది. దానికి పేరు రీఛార్జ్. మొదటి ఏడాది చందా కొన్నప్పుడే కట్టేస్తాం. రెండో ఏడు వచ్చిన మెసేజ్‌ను బ్యాంకు లోన్ ప్రకటనలతో పాటు తుడిచేస్తాం. కారు పోయిన రోజు యాప్ తెరిస్తే ఎనిమిది నెలల కిందటి లొకేషన్ కనిపిస్తుంది, అదీ మన ఇంటి ముందే.

ప్రభుత్వం తప్పనిసరి చేసిన పరికరాలకూ ఇదే జబ్బు. 2012 ఢిల్లీ ఘోరం తర్వాత ప్రయాణికుల భద్రత, ముఖ్యంగా మహిళల భద్రత కోసం కేంద్రం ఆలోచన మొదలుపెట్టింది. 2016 నవంబరులో నిబంధన తెచ్చి, 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త బస్సులు, ట్యాక్సీలకు ట్రాకర్, ఆపదలో నొక్కే పానిక్ బటన్ ఉండాలంది. ఆటోలను మినహాయించింది. ఏఐఎస్ 140 అనే ఆ ప్రమాణం కాగితం మీద చాలా గట్టిది. కారు బ్యాటరీ తీసేసినా కనీసం 4 గంటలు పనిచేయాలి. నెట్‌వర్క్ లేనప్పుడు 40 వేల లొకేషన్లను లోపల దాచుకుని, సిగ్నల్ రాగానే పంపాలి. మన ఇస్రో నావిక్ ఉపగ్రహాల సంకేతాన్నీ పట్టుకోగలగాలి. ఇంత గట్టి డబ్బా చాలా ట్యాక్సీలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చే రోజున మాత్రమే గుర్తొచ్చే వస్తువైపోయింది. బటన్ నొక్కితే అవతల స్క్రీన్ ముందు మనిషి ఉన్నాడా లేడా అని ఫిట్‌నెస్ రోజున అడిగేవాళ్లు తక్కువ.

అమెరికాలో లోజాక్ అనే పరికరం కథ ఇక్కడ చెప్పుకోవాలి. అది 1986లో మసాచుసెట్స్‌లో మొదలైంది. అప్పటికి జీపీఎస్ మామూలు జనానికి అందలేదు. అది చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్, అంతే. కారులో ఎక్కడ దాచారో యజమానికి కూడా చెప్పేవారు కాదు. కారు పోయిందని పోలీసులకు ఫిర్యాదు అందాక అది మేల్కొని సంకేతం పంపడం మొదలుపెట్టేది. ఆ సంకేతాన్ని పట్టే యంత్రం యజమాని జేబులో ఉండేది కాదు, గస్తీ తిరిగే పోలీసు కార్లలో ఉండేది. ఏ కారులో లోజాక్ ఉందో దొంగకు తెలియదు కాబట్టి ఆ నగరాల్లో పరికరం లేని కార్ల దొంగతనాలు కూడా తగ్గాయని ఇయాన్ అయర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో తేల్చారు. ఇవాళ్టి ఫోన్ యాప్ పక్కన పెడితే లోజాక్ మొరటు వస్తువు. అయినా ఫలించిందంటే దాని రెండో కొస పోలీసు చేతిలో ఉండటం వల్లే.

ఆ కొస యజమాని చేతికి వచ్చాక ఏమవుతుందో కెనడా చూసింది. టొరంటో చుట్టుపక్కల, మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడిన బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో కూడా, ఇళ్ల ముందు నిలిపిన ఖరీదైన కార్లు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. కంటైనర్లకెక్కి రైలు యార్డుల మీదుగా మాంట్రియల్ రేవుకు, అక్కడి నుంచి ఆఫ్రికాకు, గల్ఫ్‌కు చేరాయి. యాపిల్ కంపెనీ అమ్మే ఎయిర్‌ట్యాగ్ అనే చిన్న బిళ్లలను కార్లలో దాచిన యజమానులు కారు ఫలానా యార్డులో ఉందని ఫోన్లో చూస్తూనే ఉన్నారు. వేల కంటైనర్ల మధ్య అది ఏ పెట్టెలో ఉందో, దాన్ని తెరిచే అధికారం ఎవరిదో తేలేలోపు ఓడ కదిలిపోయేది. ఈ గోల పెరిగి 2024 ఫిబ్రవరిలో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒట్టావాలో కార్ల దొంగతనాల మీదే జాతీయ సదస్సు పెట్టాల్సి వచ్చింది.

ఎయిర్‌ట్యాగ్ గురించి ఒక మాట. న్యూయార్క్ మేయర్ 2023లో 500 ఎయిర్‌ట్యాగ్‌లను జనానికి ఉచితంగా పంచారు. చవకైనదే, బాగానే పనిచేస్తుంది. కానీ అందులో జీపీఎస్ లేదు, చుట్టుపక్కల ఎవరిదో ఐఫోన్ ఉంటేనే అది మాట్లాడుతుంది. హైదరాబాద్ హైటెక్ సిటీలో ఫర్వాలేదు, కర్నూలు జిల్లా పల్లెలో కష్టం. పైగా ఆడవాళ్లను రహస్యంగా వెంబడించడానికి దీన్ని వాడే ప్రమాదం ఉంది కాబట్టి, పరాయి ట్యాగ్ వెంట వస్తుంటే ఫోన్‌లో హెచ్చరిక వచ్చే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు సబబే. కాకపోతే ఆ హెచ్చరిక దొంగ ఫోన్‌కూ వస్తుంది.

మన దగ్గర దొంగతనం కన్నా చిక్కుగా మారినది అద్దె కార్ల మోసం. నెలకింత ఇస్తామని కారు తీసుకుంటారు. ఒకటి రెండు నెలలు కడతారు. ఆ తర్వాత జీపీఎస్ పీకేసి ఎవరి దగ్గరో కుదువ పెడతారు. రెండో ట్రాకర్ దాచిన తెలివైన యజమాని లొకేషన్‌తో సహా స్టేషన్‌కు వెళితే, 'మీరే ఇచ్చారు కదా, ఇది సివిల్ వ్యవహారం' అంటారు. నమ్మి అప్పగించిన వస్తువును సొంతానికి వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం, మోసగించడం 318 కింద నేరం. ఇవి పోలీసులకు తెలియని సెక్షన్లు కావు. అటువైపు ఇంకో విడ్డూరం జరుగుతోంది. పాత కారు అమ్మేటప్పుడే లోపల ట్రాకర్ దాచి, మారు తాళంచెవి ఉంచుకుని, కొన్నవాడి ఇంటికెళ్లి ఎత్తుకొచ్చిన ఘనులు పోలీసులకు దొరికారు. పాత కారు కొన్నవాళ్లు ఇంజన్ ఆయిల్ మార్చే ముందు వైరింగ్ తెలిసిన మెకానిక్‌తో కారంతా వెతికించడం మేలు.

ఇక పరిధి గొడవ. ఎల్బీ నగర్లో పోయిన కారు రెండు గంటల్లో పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటేస్తుంది, ఇంకాసేపటికి చిల్లకల్లు దగ్గర రాష్ట్రమే మారిపోతుంది. ట్రాకర్ లేకపోయినా ఫాస్టాగ్ మెసేజ్ ఆ సంగతి చెబుతుంది. సమాచారానికి కొదవ లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరమైతే, ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. వారెంట్ తెచ్చేంత వ్యవధి లేనప్పుడు కారణం రాసిపెట్టి సోదా చేసే వీలు 185వ సెక్షన్ ఇస్తోంది. బంజారాహిల్స్‌లో 2022లో ప్రారంభించిన కమాండ్ కంట్రోల్ సెంటర్లో నగరం మొత్తం తెరల మీద కనిపిస్తుంది. ఇన్ని ఉన్నా, యజమాని ఫోన్‌లోని లైవ్ లింక్‌ను అర్ధరాత్రి అందుకుని, ముందున్న టోల్‌గేటు దగ్గరి గస్తీ బండికి ఆ నిమిషంలోనే చేర్చే మనిషి ఎవరని అడిగితే జవాబు లేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. దొంగ కార్లను విప్పి ముక్కలు చేసే దుకాణానికి ఆర్నెల్లు అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు అత్యవసర ఫోన్లు అందుకునే 112 కేంద్రాల్లో ఇందుకోసం ఒక డెస్క్ పెట్టాలి. లింక్ తీసుకునే వాట్సాప్ నంబరు, రాత్రి డ్యూటీలో ఇద్దరు కానిస్టేబుళ్లు, సరిహద్దుకు అవతలి కంట్రోల్ రూమ్‌తో నేరుగా మాట్లాడే ఏర్పాటు ఉంటే చాలు. కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. రవాణా శాఖ ఫిట్‌నెస్ రోజున పానిక్ బటన్ నొక్కి చూడాలి, అవతల ఎవరూ పలకకపోతే ట్యాక్సీ డ్రైవర్‌ను కాకుండా సొంత శాఖను నిలదీయాలి. బీమా సంస్థలు ఆ 500 పరిమితిని వదిలి, చందా బతికున్న ట్రాకర్‌కు విలువ కట్టాలి. యజమానులూ ఫోన్లో చుక్క చూస్తూ వెంటపడి దొంగలతో తలపడకుండా ముందు ఎఫ్ఐఆర్ చేయించుకోవాలి. అది వెంటనే నమోదై ఉంటే, బీమా సంస్థకు చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు ఇచ్చింది.

దొరికిన కార్ల సంగతి మిగిలింది. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి పడేయకుండా త్వరగా యజమానులకు ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ కేసులో చెప్పింది. ఏ స్టేషన్ వెనక్కి వెళ్లినా టైర్లు కుంగి, బానెట్ మీద రావి ఆకులు పేరుకున్న కార్లు ఇప్పటికీ వరుసగా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిలో ట్రాకర్ ఉండే ఉంటుంది. కోర్టు ఆర్డరు కోసం తిరుగుతున్న యజమాని ఫోన్‌లో చుక్క బ్యాటరీ అయిపోయేదాకా కదలకుండా ఒకేచోట వెలుగుతుంటుంది, పోలీస్ స్టేషన్ అడ్రసులో.