సవరణ: తొందరపాటు ఉన్నవాళ్లంతా వ్యసనంలో పడరు

"ముందూ వెనకా చూడకుండా దూకేవాళ్లే తాగుడుకు, గంజాయికి బానిసలవుతారు" అని పోయిన వారం పోస్టులో రాశాను. అది తప్పు. బెంగళూరు మారతహళ్లిలో మా పక్క ఫ్లాట్ అక్క అది చదివి నన్ను మెట్ల మీదే ఆపారు. "మా చిన్నోడు సిగ్నల్ పడకముందే బండి దూకిస్తాడు. వాడూ అలా అయిపోతాడా తమ్ముడూ?" అన్నారు. చేతిలో పాల ప్యాకెట్ నలిగిపోతోంది. అంత టెన్షన్ పెట్టినందుకు ఆవిడకు క్షమాపణ చెప్పాను, మీకూ చెబుతున్నాను.

2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కొకైన్ లాంటి ఉత్తేజక మందులకు బానిసలైన 50 మందిని, వాళ్ల తోబుట్టువుల్లో ఆ వ్యసనం లేనివాళ్లను పరీక్షించారు. గుర్తు కనిపించగానే బటన్ నొక్కాలి, ఆగమన్న సంకేతం వస్తే చెయ్యి ఆపేయాలి. ఆపుకోవడంలో తోబుట్టువులు కూడా ఇబ్బంది పడ్డారు. అయినా వాళ్లు వ్యసనం జోలికి పోలేదు. స్వభావం ముప్పును పెంచుతుంది, అంతే.

పైగా మద్యమే నిగ్రహాన్ని సడలిస్తుంది. ఏళ్ల తరబడి తాగితే నుదుటి వెనక మెదడు భాగం దెబ్బతిని తొందరపాటు ఇంకా పెరుగుతుంది. మానేస్తే కొంతవరకు కోలుకుంటుంది.

మానడానికి "మనసు గట్టి చేసుకుంటే చాలు" అని ఆ పోస్టులో అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ తోడు కావాలి. బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స విభాగం ఉంది. ఉచిత హెల్ప్‌లైన్ 14446.